మగ్గం గుండు

ఇనుము పట్టుకున్న అరచేతికి చెమట తగిలితే ఒక వాసన వస్తుంది. సబ్బుతో ఎంత రుద్దినా సాయంత్రం దాకా పోదు. మొన్న శిక్షణ మైదానం నుంచి ఇంటికి వస్తూ ఎల్బీనగర్ మెట్రో మెట్లు దిగుతున్నాను. చేత్తో ముఖం తుడుచుకుంటే ఆ వాసన ముక్కుకు కొట్టింది. కొంచెం తుప్పు, కొంచెం ఉప్పు, వాటి వెనకాల ఎక్కడో పసుపు. పసుపు నిజంగా లేదని నాకు తెలుసు. అయినా నా తలలో ఆ వాసనలు విడిపోవు. మెట్ల మధ్యలో ఆగిపోయాను. వెనకాల వస్తున్న పెద్దమనిషి "జర జరుగమ్మా, తొవ్వల నిలవడితే ఎట్ల" అని విసుక్కుంటే గానీ కదల్లేదు. యూనిఫాంలో ఉన్న ఇన్‌స్పెక్టర్‌ని అంత మాట అన్నందుకు ఇంకో రోజైతే ఆయనకు నాలుగు అంటించేదాన్ని. ఆ రోజు పక్కకు జరిగి దారిచ్చాను. సుబేదార్ గారు గుర్తొచ్చారు.

మీరెవరూ ఆయన్ని చూసి ఉండరు. పేరు సత్యనారాయణ, గోదావరి జిల్లా మనిషి. సైన్యంలో సుబేదార్‌గా పనిచేసి రిటైరయ్యారు. భార్య వైద్యం కోసం హైదరాబాద్ వచ్చి, ఆమె పోయాక కూడా ఇక్కడే ఉండిపోయారు. సరూర్‌నగర్ చెరువుకు దగ్గర్లో ఉన్న మా ఇంట్లో కింది వాటా ఆయన కిరాయికి తీసుకున్నారు. మనిషి పొట్టి. ఎడమ చెవి వినపడదు. ఎవరు మాట్లాడినా తల పక్కకు తిప్పి కుడి చెవి ముందుకు పెట్టేవారు. కొత్తవాళ్లకు అది పొగరులా కనిపించేది. తెల్లారకముందే లేచి గేటు ముందు తనే ఊడ్చేవారు, మా అమ్మ వద్దని ఎంత మొత్తుకున్నా వినేవారు కాదు. సైన్యంలో ఏం చేసేవారని అడిగితే "పిల్లలకి విసరడం నేర్పేవాణ్ణండి" అనేవారు. ఏం విసరడమో చాలా రోజులు మాకు తెలియలేదు. మా నాయన ఆయన్ని క్రికెట్ కోచ్ అనుకున్నాడు. పక్కింటివాళ్లతో కూడా అలాగే చెప్పాడు.

మాది పోచంపల్లి వైపు నేత కుటుంబం. తాత మగ్గం నేశాడు. నాయన మగ్గం వదిలి దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం పెట్టాడు. నేను డిగ్రీ చదివి ఎస్సై పరీక్షకు తయారవుతున్నాను. ఆ రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్‌లో రాయి విసిరితే కోచింగ్ సెంటరుకే తగిలేది, నేనూ ఒకదాంట్లో చేరాను. రాత పరీక్షకు భయం లేదు. పరుగు పరవాలేదు. షాట్‌పుట్ దగ్గరే నా పరువు పోయేది. ఆ ఇనుప గుండు నా చేతిలోంచి బయల్దేరి నా కాళ్ల ముందే పడేది. ఒకసారి అక్కడే తప్పాను. రెండోసారి కూడా తప్పితే దుకాణంలో గల్లా దగ్గర కూర్చోమని నాయన తేల్చి చెప్పాడు. నాకు గల్లా మీద కోపం లేదు, కానీ ఓడిపోయి కూర్చోవడం ఇష్టం లేదు.

ఇంటి పక్కన ఖాళీ ప్లాటులో ఒంటరిగా గుండు విసురుకుంటున్న ఒక ఉదయం సుబేదార్ గారు గోడ మీదుగా చూస్తూ నిలబడ్డారు. చాలాసేపు చూసి, చీపురు గోడకు ఆనించి లోపలికొచ్చారు. నా భుజం గురించో కాళ్ల గురించో ఏదో చెబుతారని అనుకున్నాను.

"ఏమ్మా, పొద్దున్న ఏం తిన్నావు?" అన్నారు.

నాకు ఒళ్లు మండింది. "తిండికి, గీ గుండుకు ఏం సంబంధం సార్?"

"సంబంధం సంగతి తర్వాత. ఏం తిన్నావు?"

"ఉప్మా."

"ఉప్పు సరిపోయిందా?"

"జర ఎక్కువైంది."

"ఆయ్. ఇప్పుడు విసురు."

విసిరాను. అద్భుతమేమీ జరగలేదు, కానీ గుండు ఎప్పుడూ పడే చోటు దాటి పడింది. ఉప్మాలో ఉప్పు గురించి ఆలోచించే లోపల నా భుజాలు బిగుసుకోవడం మరిచిపోయాయి కాబోలు. అప్పట్నుంచి రోజూ అదే తంతు. గుండు నా చేతిలో పెట్టే ముందు ఆ ప్రశ్న. మన దగ్గర ఎవరు ఎదురైనా ముందు "తిన్నవా" అనే అడుగుతారు కదా, ఈయనదీ ఆ మర్యాదే అనుకునేదాన్ని. ఒక రోజు నాయనతో గొడవపడి వచ్చాను. ఏం తిన్నావని అడిగితే "ఏమో సార్, యాదికి లేదు" అన్నాను. ఆయన నా చేతిలోని గుండు తీసుకుని చంకలో పెట్టుకున్నారు. "అయితే ఇవాళ్టికి ఇంటికెళ్లు" అన్నారు. పరీక్ష నెత్తి మీద ఉంది, ఈయన చాదస్తమేంటని నేను చిందులు తొక్కాను. ఆయన చెవిటి చెవి నా వైపు తిప్పి గేటు దాకా నడిచారు. ఆ చెవి ఆయనకు అలా కూడా పనికొచ్చేది.

అప్పట్లో పండ్ల మార్కెట్ ఇంకా కొత్తపేటలోనే ఉండేది, బాటసింగారం పోలేదు. లారీల్లో నలిగి పగిలిన దానిమ్మ పండ్లు అక్కడ చవకగా ఇచ్చేవారు. ఆయన సంచీ నిండా తెచ్చి, మా వరండాలో కూర్చుని గింజలు ఒలిచి అందరికీ పెట్టేవారు. ఆయన నేర్పింది గ్రెనేడ్ విసరడమని మాకు తెలిసింది అలాంటి ఒక సాయంత్రమే. ఒక పగిలిన పండు ఎత్తి చూపించి, "దీని పేరే దానికి పెట్టారు, తెలుసా?" అన్నారు. ఫ్రెంచివాళ్ల భాషలో దానిమ్మకు ఉన్న పేరే గ్రెనేడ్ అయిందట. గుండ్రంగా ఉండి, లోపల నిండా గింజలు ఉండి, పగిలితే చుట్టూ చెదిరేది ఇంకేముంది మరి. మా అమ్మ నోట్లో పెట్టుకోబోతున్న గింజలు మళ్లీ గిన్నెలో వేసేసింది.

"సినిమాలల్ల పండ్లతోని రింగు పీకుతరు కద సార్?" అన్నాను నేను.

"పీకితే పన్నే ఊడి వస్తుంది" అన్నారు. "ఇంకోటి విను. రింగు తీసినంత మాత్రాన అది పేలదు. పక్కన ఒక పిడి ఉంటుంది. దాన్ని చేత్తో నొక్కి పట్టుకున్నంతసేపూ చచ్చినట్టు పడుంటుంది. చెయ్యి వదిలితేనే లేస్తుంది."

ఆ రోజు ఆయన చాలా చెప్పారు. వెనకటి కాలంలో మట్టికుండల్లో నిప్పు నింపి ఓడల మీదికి విసిరేవారట. తర్వాత ఇనుప గుండ్లు వచ్చాయి. వాటిని విసరడానికి సైన్యంలో ఎత్తుగా ఉన్నవాళ్లనే ఏరుకునేవారట. విసిరే చెయ్యి తగిలి టోపీ పడిపోతోందని వాళ్లకు అంచుల్లేని పొడుగు టోపీలు కుట్టించారట. "నాలాంటి పొట్టోణ్ణి ఆ కాలంలో వంటింట్లో పెట్టేవారు" అని నవ్వారు. మధ్యలో వందేళ్లకు పైగా ఇవి పాతబడిపోయాయని అందరూ పక్కన పడేశారట. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల్లో కూర్చోవాల్సి వచ్చాక మళ్లీ గుర్తొచ్చాయి. సరిపడా లేక సిపాయిలు జామ్ తిన్న ఖాళీ డబ్బాల్లో మందు, మేకులు కూరి విసిరారట. పేలడానికి ఎక్కువసేపు పడితే అవతలివాడు ఏరుకుని తిరిగి మన మీదికే వేస్తున్నాడని వత్తి కాలే సమయం తగ్గించారట. పైన కనిపించే గళ్లు ముక్కలు కావడానికని అందరూ అనుకుంటారు గానీ, బురద చేతికి పట్టు దొరకడానికి పెట్టినవట. ఆయన గొంతులో గర్వం లేదు. ఎవరింట్లోనో జరిగిన చావుల గురించి చెబుతున్నట్టు చెప్పారు.

మా నాయనమ్మ గోడకు ఆనుకుని అంతా వింటోంది. ఆమెకు అప్పటికి ఎనభై దాటాయి. యుద్ధం రోజుల్లో గుండ్లలో మందు కూరే కర్మాగారాల్లో ఆడవాళ్లే ఎక్కువ పనిచేశారని, ఆ మందుకు వాళ్ల చేతులు, ముఖాలు పచ్చబడిపోయేవని సుబేదార్ గారు చెప్పినప్పుడు మాత్రం కదిలింది.

"పసుపు వూసుకున్నట్టా సార్?"

"పూసుకోలేదమ్మా. లోపల్నించి వచ్చిన పసుపది. కొంతమంది బతకలేదు."

"గిన్ని తెలివితేటలు మనుషులను సంపుడుకేనా?" అంది నాయనమ్మ.

ఆయన ఇంకో పండు అందుకున్నారు. తర్వాత అన్నారు, "ఒక్కటుందమ్మా. పాత రోజుల్లో గాజు బుడ్డి గుండ్రంగా చేసి ఉప్పునీళ్లు పోసి గోడకు తగిలించేవారట. ఇల్లు అంటుకుంటే దాన్ని మంటలోకి విసిరేవారు. దాన్నీ గ్రెనేడ్ అనేవారు. ఆర్పడానికీ విసిరారు. ఎంతవరకు ఆరిందో తెలియదనుకోండి."

ఆ ఏడాది దసరా నాటి సంగతి చెప్పాలంటే ముందు మగ్గం గుండు గురించి చెప్పాలి. నేసేటప్పుడు పడుగు, అంటే నిలువు పోగుల, బిగువు తగ్గకుండా మగ్గం వెనక తాడుకు ఒక బరువు వేలాడదీస్తారు. కొందరిళ్లలో అది రాయి, కొందరిళ్లలో ఇసుక సంచి. మా ఇంట్లో ఇనుముది. నైజాం ప్రభుత్వం పోయిన కాలంలో, ఊళ్ల చుట్టూ దళాలూ మిలటరీ తిరిగిన రోజుల్లో, మా తాతకు వాగులో ఇసుక తోడుతుంటే దొరికిందట. ఎవరిదో తక్కెడ రాయి అనుకున్నాడు. పైన రింగు కూడా ఉంది, తాడు కట్టుకోవడానికి తయారుగా. ఆ రింగుకే తాడు కట్టి మగ్గానికి వేలాడదీశాడు. తాత బతికినన్నాళ్లూ అది అక్కడే ఊగింది. తాత పోయాక మగ్గం అమ్మేశారు గానీ, అడ్డపోగు దూర్చే నాడెనూ గుండునూ నాయనమ్మ ఇవ్వలేదు. నేతవాళ్లు దసరాకు మగ్గానికి పూజ చేస్తారు. మగ్గం లేదు కాబట్టి ఆ రెండింటినీ దిల్‌సుఖ్‌నగర్ దుకాణంలో దేవుడి పటాల కింద పెట్టించి, ఏడాదికోసారి చింతపండుతో తోమి, పసుపు కుంకుమ పెట్టేది. కొబ్బరికాయ కొట్టేది కూడా ఆ గుండు మీదే. నేను చిన్నప్పట్నుంచి ఆ కొబ్బరి తిన్నాను.

ఆ దసరాకు నాయన సుబేదార్ గారిని పూజకు పిలిచాడు. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, పూతరేకుల డబ్బా పట్టుకుని వచ్చారు. పండగ బేరం, దుకాణం కిటకిటలాడుతోంది. నాయనమ్మ మూల పరుపు మీద కూర్చుని ఒళ్లో గుండు పెట్టుకుని పసుపు రాస్తోంది. పక్కన కొబ్బరికాయ. తాడు పాతబడిందని, కొత్తది కడదామని ఆ రోజు ఆమె పాత తాడు గట్టిగా గుంజింది. రింగు దానికున్న మేకుతో, తాడుతో సహా ఊడివచ్చి పరుపు మీద పడి ఉంది. నేను దాన్ని చూశాను, కానీ ఏమీ అనిపించలేదు. సుబేదార్ గారు మాత్రం గుమ్మం దగ్గరే ఆగిపోయారు. పూతరేకుల డబ్బా చీరల మీద పెట్టి, ఎవరూ మాట్లాడకపోయినా కుడి చెవి ముందుకు తిప్పి, నెమ్మదిగా వెళ్లి నాయనమ్మ ఎదురుగా కూర్చున్నారు.

"అమ్మా, పొద్దున్న ఏం తిన్నారు?" అన్నారు.

నేను ఆయన వెనకే ఉన్నాను. ఆయన ఆ ప్రశ్న మా నాయనమ్మను ఎప్పుడూ అడగలేదు. ఆయన ఎవరిని, ఎప్పుడు అడుగుతారో నాకు తెలుసు. వరండాలో ఆయన చెప్పినవన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఆ గళ్లు, ఆ రింగు, పక్కన ఆ పిడి. 

"పండుగ పూట ఏం తింట సార్, ఉపాసమే" అంది నాయనమ్మ.

"రాత్రి?"

"అటుకులు."

"పాలల్లోనా, పెరుగులోనా?"

"పెరుగుల."

మాట్లాడుతూనే ఆయన రెండు చేతులూ ఆమె చేతుల మీద వేసి మూసేశారు. "ఏంది సార్ గిట్ల పట్టుకుంటున్నరు, పూజ గానియ్యుండ్రి" అని ఆమె చేతులు లాక్కోబోయింది. ఆయన వదల్లేదు. తల తిప్పకుండా నాతో అన్నారు, "లావణ్యా, షాపు ఖాళీ చేయించు. ఆ మాట మాత్రం అనకు."

బాంబు అన్న మాట, పేలుళ్లు చూసిన దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద ఎందుకు అనకూడదో ఈ ఊరివాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. నాయన దగ్గరికి వెళ్లి వైర్లు కాలుతున్నాయి, షట్టర్ దించాలన్నాను. "సీజన్ల ఏం పరేషాన్ దెస్తున్నవ్ బిడ్డా? నాకేం వాసన ఒస్తలేదు" అని కసిరాడు. అప్పుడు నాయన చెవిలో అసలు సంగతి చెప్పాను. నాయన మూల వైపు చూశాడు. ఆయన ముఖం నేను మళ్లీ అలా చూడలేదు, చూడాలని కూడా లేదు. అయినా మనిషి నిలదొక్కుకున్నాడు. "కరెంటు వైర్లు కాలుతున్నయ్, అందరు జర బయటికి నడవుండ్రమ్మా, ఎంచుకున్న చీరలు రేపు ఇంటికి పంపుత" అని నవ్వుతూ అందరినీ పంపించాడు. పక్క దుకాణాల వాళ్లను కూడా అదే మాట చెప్పి లేపాడు. అందరూ పోయాక మాత్రం తను కదల్లేదు.

"మా అమ్మ సార్" అన్నాడు.

"మీరిక్కడుంటే ఆవిడ మీకోసం లేస్తారు" అన్నారు సుబేదార్ గారు. "బయటుంటేనే కూర్చుంటారు. వెళ్లండి."

నాయన వెళ్లాడు. నేను రోడ్డు మీదికొచ్చి పోలీసులకు ఫోన్ చేశాను. తర్వాత సగం దించిన షట్టర్ పక్కన గోడ చాటున నిలబడ్డాను. ఆయన దూరంగా పొమ్మనే చెప్పారు, నేను పోలేదు. లోపల మాటలు వినపడుతున్నాయి.

"అమ్మా, ఇది మగ్గం గుండు కాదు."

"నా పెనిమిటి దెచ్చిండు సార్. మా మగ్గానికి యాలాడింది."

"తెలుసమ్మా. వాళ్లు ఎందుకోసం చేశారో దానికి మీరు వాడలేదు. దీంతో చీరలు నేశారు."

నాయనమ్మ తెలివైన మనిషి. వరండాలో చెప్పినవన్నీ ఆమె కూడా విన్నది. 

"గిది దానిమ్మ పండేనా సార్?"

"ఆయ్."

"మా పోరగాండ్ల ఉయ్యాల దీని పక్కపొంటే గట్టేదాన్ని" అంది. ఆ గొంతు నేను ఎరిగిన నాయనమ్మది కాదు. "నలుగురిని గాడనే పెంచిన. గిది ఊగుతాంటే ఆడుకునెటోళ్లు, చేతులతోని కొట్టుకుంట."

నాయనమ్మే మళ్లీ అంది.

"మీరు పోండ్రి సార్. నాకు ఎనభై దాటినయ్. నేను వట్టుకుంట."

"మీ చేతులు సన్నంగా ఉన్నాయమ్మా. నావి కూడా ఉండనివ్వండి."

ఆ తర్వాత వాళ్లు అటుకుల గురించి, గోదావరి పులస చేప గురించి, పోచంపల్లిలో రంగులు ఉడకబెట్టే కుండల గురించి మాట్లాడుకున్నారు. షట్టర్ బయట నేను గోడను పట్టుకుని ఏడ్చాను. బాంబు స్క్వాడ్ వాళ్లు వచ్చి, నన్ను ఈడ్చి అవతల పడేసి, లోపలికెళ్లారు. ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. ముందు నాయనమ్మను ఎత్తుకొచ్చారు. తర్వాత సుబేదార్ గారు తనే నడిచి వచ్చారు. రెండు చేతులూ పసుపు. వేళ్లు వంగిపోయి అలాగే ఉండిపోయాయి, తెరుచుకోలేదు. నేను ఒక్కొక్క వేలు పట్టుకుని చాపాను.

దాన్ని ఇసుక పెట్టెలో పెట్టుకుని బాటసింగారం అవతల బీడు భూముల్లోకి తీసుకెళ్లారు. సాయంత్రం స్క్వాడ్ మనిషి ఒకరు నాయనకు ఫోన్ చేశారు. "పేల్చేసినం సార్. లోపల మందు మంచిగనే ఉన్నది" అన్నారు. అన్నేళ్ల తుప్పే దాన్ని ఆపిందట. ఆ మాట వినగానే నాయన ఫోను పక్కన పెట్టి బాత్‌రూంలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. నాయనమ్మ ఆ తర్వాత దుకాణంలో అడుగు పెట్టలేదు, దసరా పూజ చేయలేదు. ఎప్పుడైనా నాయన పక్కన కూర్చుంటే చెయ్యి పట్టుకుని "నిన్ను గూడ గా మగ్గం కిందనే పండవెట్టిన బిడ్డా" అనేది. తాతను మాత్రం ఒక్క మాట అననిచ్చేది కాదు. పోయేదాకా ఆమెకు ఆ దిగులు తీరలేదు.

ఆ సాయంత్రమే వరండాలో సుబేదార్ గారిని అడిగాను. "గంత పానం మీదికి ఒచ్చినప్పుడు కూడ ఏం తిన్నరని ఎందుకు అడిగిన్రు సార్?"

ఆయన చేతులు ఇంకా పచ్చగానే ఉన్నాయి. వాటిని చూసుకుంటూ చెప్పారు. శిక్షణ కేంద్రంలో రాజస్థాన్ నుంచి వచ్చిన ఒక కుర్రాడు ఉండేవాడు. విసిరే ముందు కుర్రాళ్ల చేతులు కుదురుగా ఉన్నాయో లేదో తెలుసుకోవడానికి ఆయన అప్పటికే ఈ ప్రశ్న అడిగేవారు. మామూలు గొంతుతో జవాబు చెప్పినవాడి చేతికే ఇచ్చేవారు.

"వాడు సరిగ్గానే చెప్పాడమ్మా. పూరీ, ఆలూ, చాయ్. చాయ్‌లో పంచదార ఎక్కువైందన్నాడు. చేతులు కుదురుగానే ఉన్నాయి. రింగు తీశాడు, చెయ్యి వెనక్కి ఎత్తాడు, చెమటకి జారి వెనకాల పడింది. నేను వాణ్ణి పట్టుకుని గోడ అవతలకి దూకాను. నేను పూర్తిగా దాటాను. వాడు సగం దాటాడు." తన ఎడమ చెవి తాకి చూసుకున్నారు. "నా తప్పేం లేదని విచారణలో రాశారు. అది చదువుకుని నేనేం చేసుకోను?"

"మరి అడిగి ఏం ఫాయిదా సార్? జవాబు సరిగ చెప్పినోడే పోయిండు కద?"

"వాళ్లమ్మ వచ్చిందమ్మా. అంత దూరం నించి, రైలెక్కి. పెద్ద ఆఫీసర్లందరూ నిలబడ్డారు. ఎలా జరిగిందని అడగలేదు, ఎవరిది తప్పని అడగలేదు. 'మావాడు పొద్దున్న ఏమైనా తిన్నాడా?' అని అడిగింది. అక్కడ నిలబడ్డవాళ్లలో నాకొక్కడికే తెలుసు. పూరీ, ఆలూ, చాయ్ అని చెప్పాను. పంచదార ఎక్కువైందన్నాడని కూడా చెప్పాను. వాడికి చిన్నప్పట్నించీ తీపి పడదని ఆవిడ నవ్వింది. అప్పుడు ఏడ్చింది." చేతులు తుడుచుకోబోయి ఆగిపోయారు. "అందుకే అడుగుతానమ్మా. ఎవరో ఒకరు వచ్చి అడిగితే చెప్పడానికి."

ఆ శీతాకాలం నేను షాట్‌పుట్‌లో గట్టెక్కాను. శిక్షణ ముగించుకుని ఎస్సైనయ్యాను. మరుసటి ఏడు వానల్లో, గేటు ముందు ఊడుస్తూ ఆయన చీపురుతో సహా కూలబడిపోయారు. మలక్‌పేటలో దవాఖానకు తీసుకెళ్లాం. గుండె. రెండో రోజు పొద్దున నేను డ్యూటీకి పోకుండా ఆయన మంచం పక్కనే కూర్చున్నాను. ఆయన కళ్లు తెరిచి నన్ను చూసి, నేనేం అడుగుతానో తెలిసినట్టు ఎదురుచూశారు.

"ఏం తిన్నరు సార్?"

"ఇడ్లీ. ఒకటి."

"చట్నీ?"

"పల్లీది." కాసేపు ఊపిరి తీసుకుని, "ఉప్పు తక్కువ" అన్నారు.

మధ్యాహ్నం దాటాక పోయారు. కాకినాడ నుంచి ఆయన కూతురు వచ్చేసరికి చీకటి పడింది. వానకు తడిసి, చెప్పులు చేత్తో పట్టుకుని దవాఖాన వరండాలో నడిచి వచ్చింది. డాక్టర్లు ఏమన్నారని అడగలేదు. ఎన్నింటికి పోయారని అడగలేదు. నా రెండు చేతులూ పట్టుకుని, "నాన్నగారు పొద్దున్న ఏమైనా తిన్నారా అండీ?" అంది. ఇడ్లీ తిన్నారని, పల్లీ చట్నీతో తిన్నారని, ఉప్పు తక్కువైందన్నారని చెప్పాను. "ఉప్పు తక్కువైతే ఊరుకోరు" అని ఆమె నవ్వబోయి నేల మీద కూర్చుండిపోయింది. నేనూ ఆమె పక్కన కూర్చున్నాను.

ఇప్పుడు కొత్త పిల్లలకు గ్రెనేడ్ విసరడం నేర్పే పని నాది. మొన్న వరుసలో ఆఖరున నల్లగొండ వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఉంది, సన్నటి మణికట్టు. గుండు చేతిలో పెట్టే ముందు అడిగాను. "జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం మేడం" అంది. మెస్సులో జొన్నరొట్టె ఎక్కడిదన్నాను. "మా అమ్మ మూట గట్టి పంపింది, జర ఎండిపోయింది గని మంచిగనే ఉన్నది" అంది. ఇచ్చాను. నా చెయ్యి ఆమె చెయ్యి వెనకే పెట్టుకుని నిలబడ్డాను. బాగా విసిరింది. దుమ్ము లేచింది, ఆమె వెనక్కి తిరిగి నవ్వింది, నేను నవ్వలేదు. పిల్లలందరూ తిరిగి బస్సెక్కేదాకా ఎవరు ఏం తిన్నారో వరుసగా నా మనసులో ఉంటుంది. ఉప్మా, నిన్నటి చపాతీ, ఏమీ తినలేదని అబద్ధం చెప్పబోయి చెప్పిన రెండు అరటిపండ్లు, జొన్నరొట్టె. మొన్న కూడా బస్సు గేటు దాటి మలుపు తిరిగేదాకా నిలబడ్డాను. ఆ తర్వాతే అవన్నీ మరిచిపోయి, వెళ్లి చేతులు కడుక్కున్నాను.